‘ఎఫ్‌పీఎస్ ఎంత? బిట్‌రేట్ ఎంత?’: కెమెరా తీసే ముందే తెలియాల్సిన మాటలు ఏవి?

పొందూరు_మనవడు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పొందూరు. ఉద్యోగం శ్రీకాకుళంలో. మా మామ్మకి ఎనభై దాటాయి. ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద నూలు వడుకుతుంది. గింజ తీసే దగ్గర్నుంచి చిలప (నూలు కట్ట) కట్టేదాకా ఆమె చేతిపని మొత్తం వీడియో తీసి యూట్యూబులో పెట్టాలని నా కోరిక.

పోయిన నెలలో ఒక ఆదివారం ఫోనుతో రెండు గంటలు తీశాను. అందులో కొంత ముక్క స్నేహితుడి కెమెరాతో తీశాం. ఎడిటింగు చేసే కుర్రాడికి ఇస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు. ఫ్రేమ్ రేట్ (ఎఫ్‌పీఎస్) ఎంత పెట్టారు? బిట్‌రేట్ ఎంత? కోడెక్ ఏది? బీ-రోల్ ఉందా? రూమ్ టోన్ తీశారా? ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. చివరికి ‘ఇది అతకదండీ, మళ్లీ తీసుకోండి’ అన్నాడు.

మామ్మ మళ్లీ కూర్చుంటుంది, ఆ బెంగ లేదు. మూడోసారి మాత్రం ఆమెని కూర్చోబెట్టకూడదు. దువ్వేటప్పుడు ఎక్కువసేపు తల వంచుకుంటే మెడ పట్టేస్తోంది. అందుకని నిఘంటువులాంటి జాబితా వద్దు. తీసే ముందే తేల్చుకోవాల్సినవి ఏవి, తీశాక కూడా సర్దుకోగలిగేవి ఏవి, అది చెప్పండి చాలు.

---

గంటస్తంభం_25 | శుక్రవారం, రాత్రి 9:40

తమ్ముడూ, ఆ కుర్రాడు అడిగినవి సరైన ప్రశ్నలే. కాకపోతే నువ్వు షూటింగుకి వెళ్లకముందు అడగాల్సినవి.

విజయనగరంలో పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. మొదట్లో వీహెచ్ఎస్ కెమెరా. అప్పుడు ఫ్రేమ్ రేట్ గురించి ఆలోచించే పనే లేదు. మన దేశంలో టీవీ పద్ధతి పాల్, అంటే సెకనుకి 25 ఫ్రేములు. ఇక్కడ అమ్మిన కెమెరాలన్నీ అదే. ఇప్పుడు ఫోను కొంటే అది 30లో వస్తుంది. స్నేహితుడి కెమెరా 25లోనో 24లోనో ఉండి ఉంటుంది. ఆ రెండూ ఎడిటింగులో ఒకే టైమ్‌లైన్ (ముక్కలు పేర్చే వరస) మీద పెడితే ఏదో ఒకదానికి ఫ్రేములు కలపాలి, లేదా తీసేయాలి. మామ్మ చెయ్యి మెత్తగా కదలాల్సిన చోట చిన్న చిన్న కుదుపులు కనిపిస్తాయి. ‘అతకదు’ అని ఆ కుర్రాడన్నది బహుశా ఇదే.

25 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటైనా, చవక ఎల్ఈడీ బల్బైనా సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికి వచ్చే సమయం, 1/50 సెకను గానీ 1/100 గానీ పెడితే ఆ మిణుకు లెక్కలో ఇమిడిపోతుంది. 1/60 పెడితే తెర మీద నల్లటి పట్టీలు పాకుతాయి. ఒక పెళ్లిలో మండపం నిండా సీరియల్ లైట్లు. అప్పుడు నాకిది తెలియక షటర్ పట్టించుకోలేదు. తలంబ్రాల ఘట్టం మొత్తం పట్టీలతో వచ్చింది. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా. ఆ పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తొస్తే బాధ.

నీకు నా సలహా: ఫోనూ కెమెరా రెండూ 25, షటర్ 1/50. షటర్ అంకె ఫ్రేమ్ రేటుకి రెట్టింపు ఉంటే కదలికలో సహజమైన మసక వస్తుందని కెమెరామెన్ల పాత లెక్క. మన ఊళ్లో ఆ లెక్కా కరెంటు లెక్కా ఒకచోటే కలుస్తాయి.

---

ఉద్దానం_గుంటడు | శుక్రవారం, రాత్రి 10:05

నానూ ఇదే అడుగుదామనుకుంతన్నాను. మాది కవిటి దగ్గర. జీడిపిక్కలు కాల్చడం, కొబ్బరి దింపులు ఫోన్లో తీసి ఎడుతుంతాను. నా వీడియోలో మొదట అంతా బాగానే ఉంతాది. పది నిమిసాలయ్యేసరికి మనిసి నోరు ముందు కదులుతాది, మాట ఎనకాల వస్తాది. మైకు వేరేగా ఎట్టి రికార్డు చేసినాను. అదేటి మాస్టారూ, మైకు పాడైపోనాదేటి?

---

బొబ్బిలి_మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:31

మైకు బాగానే ఉంది బాబూ. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటుని స్థిరంగా ఉంచవు. వెలుతురు తగ్గినా, ఫోను వేడెక్కినా 30 కాస్తా 28 అవుతుంది, 27 అవుతుంది, మళ్లీ 30కి వస్తుంది. దీన్ని మారే ఫ్రేమ్ రేటు అంటారు. ఎడిటింగు సాఫ్ట్‌వేరు అది స్థిరంగా 30 అనుకుని లెక్కేస్తే బొమ్మ మెల్లగా జారుతుంది. నీ మైకు మాత్రం తన వేగంతో తాను సరిగ్గా నడుస్తుంది. అందుకే మొదట్లో కలిసి ఉండి, పోనుపోను తేడా వస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అందులో స్థిర ఫ్రేమ్ రేటు ఎంచుకుని ఒకసారి మార్చి, ఆ తర్వాత ఎడిటింగులో పెట్టు.

ఇక పొందూరు బాబు అడిగిన కోడెక్. పాలిటెక్నిక్‌లో పిల్లలకి నేను చెప్పే ఉదాహరణే ఇక్కడా చెబుతాను. ఇచ్ఛాపురం నుంచి మీకు ఒక కవరు వచ్చింది. కవరు చూస్తే మామూలు పోస్టు కవరే. లోపల ఉత్తరం తెలుగులో ఉండొచ్చు, ఒడియాలో ఉండొచ్చు. ఒడియా చదవడం వస్తేనే ఆ ఉత్తరం మీకు అర్థమవుతుంది. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అనేవి కవర్లు. హెచ్.264, హెచ్.265, ఏవీ1 అనేవి లోపల రాసిన లిపి, అదే కోడెక్. ‘ఎంపీ4 ఫైలే కదా, నా కంప్యూటర్లో మాట వినిపిస్తోంది గానీ బొమ్మ రావడం లేదేం?’ అని ఎవరైనా అడిగితే జవాబు ఇదే. కవరు తెరుచుకుంది, లిపి చదవడం రాలేదు.

హెచ్.264 2003లో వచ్చింది. ఇంచుమించు ప్రతి యంత్రానికీ అది చదవడం వచ్చు. హెచ్.265 2013 నాటిది. అదే నాణ్యతని దాదాపు సగం చోటులో ఇముడుస్తుంది, కానీ పాత కంప్యూటర్లు దాన్ని విప్పలేక ఆయాసపడతాయి. కొత్త ఫోన్లు మనల్ని అడక్కుండానే హెచ్.265లో తీస్తుంటాయి. మీ ఎడిటర్ కంప్యూటరు పాతదైతే సెట్టింగుల్లో హెచ్.264కి మార్చుకుని తీయండి.

బిట్‌రేటు అంటే సెకను వీడియోకి ఎంత సమాచారం ఖర్చు పెడుతున్నామో ఆ అంకె. ఇక్కడ చాలామంది తప్పు చేసేది ఒకటుంది. బిట్‌రేటు మెగాబిట్లలో చెబుతారు, కార్డు సైజు గిగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. 4కేలో 100 మెగాబిట్లతో తీస్తే సెకనుకి 12.5 మెగాబైట్లు, నిమిషానికి 750, గంటకి 45 గిగాబైట్లు. 64 జీబీ కార్డులో గంటన్నర కూడా పట్టదు. ఈ లెక్క ఇంటి దగ్గరే వేసుకోవాలి. మామ్మగారు ఏకు చుట్టే మధ్యలో కార్డు నిండిపోకూడదు.

---

పొందూరు_మనవడు | శుక్రవారం, రాత్రి 10:50

మాస్టారూ, 4కే అవసరమా? చూసేవాళ్లంతా ఫోన్లోనే కదా.

---

బొబ్బిలి_మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:58

చూపించడానికి 1080 చాలు. తీయడానికి 4కే మంచిది. 4కే ఫ్రేము 3840కి 2160 పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీ 1920కి 1080. అంటే ఒక 4కే ఫ్రేములో నాలుగు ఫుల్ హెచ్‌డీ ఫ్రేములు పడతాయి. మామ్మగారి మొత్తం రూపం ఒక్క షాటుగా తీసి, ఎడిటింగులో అందులోంచి వేళ్ల వరకే కత్తిరించుకున్నా నాణ్యత తగ్గదు. ఆవిడ చేత చేసిందే మళ్లీ చేయించే పని తప్పుతుంది. పెద్దావిడ కాబట్టి చెబుతున్నాను, లేకపోతే 1080తో సరిపెట్టుకోమనేవాణ్ణి.

---

నాగావళి_నాదం | శనివారం, ఉదయం 6:20

రాత్రంతా బొమ్మ గురించే మాట్లాడుకున్నారు. నేను శబ్దం గురించి చెబుతాను, కాస్త పొడుగ్గానే.

నేను విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. 1919లో పెట్టిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. మా గురువులు పాఠం మొదలెట్టే ముందు తంబుర శ్రుతి చేసి కొంతసేపు ఊరికే విననిచ్చేవారు. ఇప్పుడు నేను రికార్డింగు పనిలో ఉన్నాను. ఎక్కడికెళ్లినా మొదట చేసేది అదే, ఆ గది ఎలా మోగుతోందో వినడం. రూమ్ టోన్ అంటే అదే బాబూ. ఎవరూ మాట్లాడకుండా, రాట్నం తిప్పకుండా, ఆ గదిని ఒక నిమిషం అలాగే రికార్డు చేయడం. ఖాళీ గది కూడా నిశ్శబ్దంగా ఉండదు. వీధిలో బండి, పెరట్లో కాకి, దూరంగా రైలు. పొందూరుకి హౌరా–చెన్నై లైను దగ్గరే కదా. ఎడిటింగులో మామ్మగారి దగ్గు తీసేస్తే అక్కడ శబ్దం పూర్తిగా చచ్చిపోతుంది, చెవికి గుంటలో పడ్డట్టు ఉంటుంది. ఆ గుంటని పూడ్చే మట్టి రూమ్ టోన్. తర్వాత తెచ్చుకుందామంటే దొరకదు. వేరే రోజు ఆ గది వేరేలా మోగుతుంది.

మాటకి కాలర్ మైకు వాడండి. గడ్డం కింద జానెడు దూరంలో పెట్టాలి. మామ్మగారు కట్టేది గంజి పెట్టిన ఖద్దరు చీరైతే జాగ్రత్త, కొంగు కదిలినప్పుడల్లా మైకుకి రాసుకుని గరగరమంటుంది. కొంగుని పిన్నుతో బిగించి, మైకు వైరుని చిన్న ముడిలా తిప్పి టేపు వేయండి.

రికార్డింగు స్థాయి చూసే మీటర్లో సున్నా అనేది గోడ. మాట గట్టిగా వచ్చినప్పుడు మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆడాలి. సున్నా దాటిన చోట శబ్దం పగిలిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. పగిలింది ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా అతుక్కోదు. తక్కువగా రికార్డయితే పెంచుకోవచ్చు, కాస్త సొద వస్తుంది అంతే. కాబట్టి తప్పితే తక్కువ వైపే తప్పండి. శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో ఆ అంకె) 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, వీడియోకి అదే ప్రమాణం. 44.1 సీడీ పాటలకి పెట్టుకున్నది.

రాట్నం చప్పుడు మాత్రం విడిగా తీయండి. కెమెరా లేకుండా, మైకుని కదురుకి దగ్గరగా పెట్టి ఐదు నిమిషాలు. పోగు లాగేటప్పుడు ఒక శబ్దం, కదురుకి చుట్టేటప్పుడు మరొకటి. ఆ రెండింటి మధ్య చిన్న ఆగు ఉంటుంది. బొమ్మ చూడకుండా అది వింటేనే మీకు మీ ఇల్లు గుర్తొస్తుంది.

మైకు వేరే, కెమెరా వేరే అయితే ప్రతి షాటు మొదట్లో కెమెరా ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టండి. సినిమాలో క్లాప్ బోర్డు కొట్టేది అందుకే. చేతులు కలిసిన ఫ్రేమూ చప్పుడు లేచిన చోటూ జత చేస్తే మిగతా అంతా కుదురుతుంది.

---

గంటస్తంభం_25 | శనివారం, ఉదయం 7:02

నాదం గారు చెప్పిందానికి ఒక్కటి చేరుస్తాను. ఆ గదిలో ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉంటే ప్లగ్గు తీసేయండి. కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టడం నా అలవాటు. అప్పుడు వెళ్లేటప్పుడు ప్లగ్గు మళ్లీ పెట్టడం మర్చిపోం.

---

ఆమదాలవలస_అచ్చు | శనివారం, ఉదయం 10:15

డీటీపీ సెంటరు నడుపుతాను, సబ్‌టైటిల్స్ కూడా చేస్తాను. ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి మనసులో మెదిలింది. ఫ్రేము, షటరు, బిట్‌రేటు, కోడెక్కు, క్లిప్పింగు. ఇవన్నీ తెలుగులో ఎందుకు చెప్పుకోలేకపోతున్నాం? సినిమా టైటిల్సులో ‘కూర్పు’ అని వేస్తారు, ‘ఛాయాగ్రహణం’ అని వేస్తారు, ‘చిత్రానువాదం’ అని వేస్తారు. మంచి మాటలు కదా.

---

గంటస్తంభం_25 | శనివారం, ఉదయం 10:32

టైటిల్సులో వేస్తారమ్మా. సెట్టు మీద ఎవరూ అనరు. ‘ఛాయాగ్రాహకుడా, చట్రం సరిచూడు’ అంటే మా అసిస్టెంటు కుర్రాడు చుట్టూ చూస్తాడు. పనిలో నోటికి వచ్చే మాటే పనిమాట.

---

ఆమదాలవలస_అచ్చు | శనివారం, ఉదయం 10:41

ఒప్పుకుంటాను అన్నయ్యా. ‘కూర్పు’ని మాత్రం వదలను. ఎడిటింగు అంటే కత్తిరించడమే అనుకుంటారు జనం. కూర్పు అంటే దండలో పూలు కూర్చినట్టు, ఏది ముందు ఏది వెనక అని చూడటం. ఆ మాటలోనే పని స్వభావం ఉంది.

---

బొబ్బిలి_మాస్టారు | శనివారం, ఉదయం 11:20

ఇద్దరి మాటా నాకు నచ్చింది. మా బొబ్బిలి వీణ చేసేవాళ్లు పనస మానుని ఒకే దుంగగా తొలుస్తారు. కుండ, దండి, మెట్లు అని అన్నిటికీ వాళ్ల మాటలు ఉన్నాయి. ఆ పని ఇక్కడే పుట్టింది కాబట్టి మాటా ఇక్కడే పుట్టింది. కెమెరా బయట్నుంచి వచ్చింది, తన మాటలు వెంట తెచ్చుకుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కానీ పొందూరు బాబూ, మామ్మగారి పనికి సంబంధించిన మాటలు మాత్రం మార్చవద్దు. ఏకు, కదురు, చిలప, పడుగు, పేక. వాటిని ఇంగ్లీషులోకి తిప్పి మళ్లీ తెలుగులోకి తెచ్చి ‘కాటన్ రోల్’ అని తెర మీద వేసిన వీడియో ఒకటి చూశాను. చాలా బాధేసింది. ఏ ఊరి పనివాళ్లనైతే చూపించారో వాళ్ల నోటి మాటే ఆ వీడియోలో లేకుండా పోయింది.

---

ఆమదాలవలస_అచ్చు | శనివారం, ఉదయం 11:48

దీనికి చెయ్యెత్తి దండం, మాస్టారూ.

ఆ మాటలు తెర మీద సరిగ్గా పడటానికి రెండు జాగ్రత్తలు చెబుతాను. సబ్‌టైటిల్స్ ఫైలు ఎస్ఆర్‌టీ అని ఉంటుంది. అది మామూలు పాఠ్యమే. వరుస సంఖ్య, మాట మొదలయ్యే సమయం, ముగిసే సమయం, మాట, అంతే. నోట్‌ప్యాడ్‌లో కూడా రాసుకోవచ్చు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి. లేకపోతే మీ తెలుగంతా ప్రశ్నార్థకాల వరుస అయిపోతుంది.

రెండోది అక్షరాలు. అను ఫాంట్లలో టైపు చేసింది మా డీటీపీ వాళ్లకి అలవాటు, కానీ అది యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. యూట్యూబుకి పనికిరాదు, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో టైపు చేసినా ఎడిటింగు సాఫ్ట్‌వేరులో ఒత్తులు విడిపోవచ్చు. ‘రాట్నం’లో న ఒత్తు పక్కకి జరిగి కూర్చుంటుంది. అడోబీ ప్రీమియర్ వాడితే ప్రిఫరెన్సెస్‌లో, గ్రాఫిక్స్ విభాగంలో, టెక్స్ట్ ఇంజిన్‌ని దక్షిణాసియా భాషలకి మార్చండి. ఒత్తులు వాటి చోటికి వస్తాయి. వీడియోలోనే అతికించేసిన సబ్‌టైటిల్స్ కంటే విడిగా ఎక్కించే ఎస్ఆర్‌టీ మంచిది. చూసేవాళ్లు కావాలంటే పెట్టుకుంటారు, వద్దంటే తీసేస్తారు. తప్పు దొరికితే మీరు ఆ ఫైలు ఒక్కటి మారిస్తే చాలు.

---

ఉద్దానం_గుంటడు | శనివారం, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, హ్యాండ్‌బ్రేక్‌లో మార్చినాను. నోరూ మాటా కలిసిపోనాయి! అర్ధగంట వీడియో, సివరిదాకా ఒక్క పిసరు తేడా లేదు. ఆర్నెల్ల నుంచి రెండు మైకులు మార్చినాను దీనికోసం.

ఇంకోటి. బీ-రోల్ అంటే ఏటి? ఏ-రోల్ కూడా ఉంతాదా?

---

గంటస్తంభం_25 | శనివారం, మధ్యాహ్నం 1:45

ఉంటుంది తమ్ముడూ. ఫిల్ము రోజుల్లో నెగటివుని ఏ, బీ అని రెండు చుట్టలుగా కూర్చి ప్రింటు తీసేవారు. ఆ పేరు మిగిలిపోయింది. ఇప్పుడు ఏ-రోల్ అంటే కథ నడిపే ముఖ్యమైన బొమ్మ, మామ్మ మాట్లాడుతున్న షాటు. బీ-రోల్ అంటే ఆ మాట మీద కప్పే బొమ్మలు. దవడలో పళ్ల వరస, ఎగిరే పత్తి నూగు, గోడ మీద తాతగారి ఫోటో, వీధి మలుపు. పెళ్లి వీడియోల్లో మేం కట్ షాట్స్ అంటాం.

మామ్మ మాట మధ్యలో ఒక వాక్యం తీసేశావనుకో. తల చటుక్కున ఎగిరినట్టు కనిపిస్తుంది, అది జంప్ కట్. ఆ చోట వేళ్ల షాటు కప్పితే అతుకు కనపడదు. అరగంట మాటకి గంట బీ-రోల్ తీసుకో, ఎక్కువైందని ఎవరూ ఏడవరు. ఒక్కో షాటు పది సెకన్లు కదలకుండా పట్టు. కొత్తవాళ్లు కెమెరాని అటూ ఇటూ తిప్పేస్తుంటారు. ముందు వస్తువుని కదలనివ్వు, కెమెరాని ఆపు.

అలాగే మామ్మకీ రాట్నానికీ మధ్య ఒక గీత ఉందనుకో. ఆ గీతకి ఒకే పక్కన ఉండి తియ్యి. ఒక షాటు ఇటు నుంచి, ఇంకో షాటు అటు నుంచి తీస్తే ఆమె ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు చూస్తున్నట్టు ఉంటుంది. 180 డిగ్రీల నియమం అంటారు. ఇది కూర్పులో సరిచేయలేం.

---

నాగావళి_నాదం | శనివారం, మధ్యాహ్నం 2:20

జే-కట్ కూడా చెప్పండి అన్నయ్యా, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తర్వాతి దృశ్యం శబ్దం ముందు వచ్చి, బొమ్మ వెనక వస్తుంది. వీధి గుమ్మంలో మనిషి కనపడకముందే చెప్పుల చప్పుడు వినిపించినట్టు. టైమ్‌లైన్ మీద ఆ అతుకు జే అక్షరంలా ఉంటుందని ఆ పేరు. పొందూరు వీధి చూపిస్తుండగా రాట్నం చప్పుడు మొదలవ్వాలి. ఎక్కడిది అనుకునేలోపు మామ్మగారు కనపడాలి. దీని తలకిందులు ఎల్-కట్: బొమ్మ మారిపోయినా పాత శబ్దం ఇంకా నడుస్తుంటుంది.

---

పొందూరు_మనవడు | శనివారం, సాయంత్రం 5:30

ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను. రేపు ఉదయమే వెళ్తున్నాను. ఒక సందేహం. నా పాత వీడియోలో రాట్నం చక్రం కొన్నిచోట్ల వెనక్కి తిరుగుతున్నట్టు ఉంది. మామ్మ చూసి ‘నేనెప్పుడు అటు తిప్పాను?’ అంది. ఇది కూడా ఫ్రేమ్ రేటేనా?

---

బొబ్బిలి_మాస్టారు | శనివారం, సాయంత్రం 6:15

అదే బాబూ. మీ రాట్నం చక్రానికి ఆకులు, అంటే మధ్య నుంచి అంచుకి వెళ్లే పుల్లలు, ఎన్ని? ఇరవై నాలుగు అయితే లెక్క చూడండి. సెకనుకి ఒక చుట్టు తిప్పితే సెకనులో 24 ఆకులు ఒక చోటు దాటతాయి. కెమెరా సెకనుకి 25 బొమ్మలు తీస్తుంది. ప్రతి బొమ్మకీ ఒక ఆకు, తన ముందున్న ఆకు చోటికి కొంచెం ఇవతలే ఆగుతుంది. ఆకులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, ముందుది కాస్త వెనక్కి జరిగిందని మన కన్ను అనుకుంటుంది. చక్రం మెల్లగా వెనక్కి తిరుగుతుంది! మామ్మగారు ఇంకాస్త వేగంగా తిప్పి, సరిగ్గా 25 ఆకులు దాటితే చక్రం నిలబడిపోయినట్టే ఉంటుంది.

చక్రం దగ్గరి షాటు వరకు ఫోనులో 120 ఫ్రేములతో తీయండి. అప్పుడు ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఆకు తన ఖాళీలో ఐదో వంతే జరుగుతుంది, దిక్కు తప్పదు. దాన్ని 25లో ఆడిస్తే దాదాపు ఐదు రెట్లు నెమ్మది అవుతుంది. కానీ 120కి షటరు వేగం పెరుగుతుంది కాబట్టి గంటస్తంభం గారు చెప్పిన దీపాల మిణుకు బయటపడుతుంది. ఆ షాటు అరుగు మీద, పగటి వెలుతురులో తీయండి.

ఇన్నేళ్ల మాస్టరీలో ఈ లెక్కకి ఇంత మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. సోమవారం క్లాసులో ఇదే చెబుతాను.

---

సిరిమాను_లైవ్ | శనివారం, రాత్రి 8:40

ఆలస్యంగా వచ్చాను. నాది ప్రత్యక్ష ప్రసారాల పని. తీసేదాని గురించి అంతా చెప్పేశారు, ఎక్కించేదాని గురించి నేను చెబుతాను.

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మొదటి ఏడాది నేను 1080లో లైవ్ పెట్టాను. ముందురోజు పరీక్షిస్తే నెట్ బ్రహ్మాండంగా ఉంది. మానువేళకి జనం ఇసకేస్తే రాలనంత. అందరి చేతిలో ఫోను, ఒకే టవరు. మాను కదిలే క్షణంలో నా ప్రసారం ఆగిపోయింది. దుబాయ్‌లో, బెంగళూరులో ఉన్న మన ఊరివాళ్లు ఆ గుండ్రటి చక్రం చూస్తూ కూర్చున్నారు. ఒకాయన తర్వాత ఫోన్ చేసి ‘మా అమ్మ దండం పెట్టుకుని కూర్చుంది బాబూ’ అన్నాడు. ఆ రోజు నుంచి నేను చూసేది డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్ వేగం. నా బిట్‌రేటుకి రెట్టింపు అప్‌లోడ్ ఉంటేనే మొదలెడతాను. ఇప్పుడు 720లో, 4 మెగాబిట్లలో పంపుతాను. రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు, వీలైతే దగ్గర్లోని ఇంటి నుంచి బ్రాడ్‌బ్యాండ్ వైరు. కాస్త మసకైనా ఆగని బొమ్మే జనానికి కావాలి.

మామ్మ వీడియోకి లైవ్ అవసరం లేదు కాబట్టి నీకు ఈ గొడవ లేదు. ఎక్కించేటప్పుడు ఇవి చూసుకో. ఖాతాని ఫోను నంబరుతో ధ్రువీకరించకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు, సొంత థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనపడే చిన్న బొమ్మ) పెట్టనివ్వదు. వివరణలో 0:00 నుంచి మొదలెట్టి గింజ తీయడం, దువ్వడం, వడకడం అని సమయాలు రాస్తే చాప్టర్లు వస్తాయి. కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకూడదు. ఫైలు ఎడిటర్‌కి వాట్సాప్‌లో వీడియోగా పంపకు, పిండేస్తుంది. డాక్యుమెంటుగా పంపు, లేదా పెన్‌డ్రైవ్ ఇచ్చెయ్యి.

అంకెల్లో ఇంప్రెషన్ అంటే నీ థంబ్‌నెయిల్ ఎవరి తెర మీదో కనపడటం. వాళ్లు నొక్కితే క్లిక్. ఉండి చూస్తే వాచ్ టైమ్. ఎక్కడిదాకా ఉన్నారో చెప్పేది రిటెన్షన్. ఆ గ్రాఫు ఒక్కటే శ్రద్ధగా చూడు. ఎక్కడ జారితే అక్కడ కూర్పులో లోపం ఉందని అర్థం. షార్ట్స్ (చిన్న నిలువు వీడియోలు) వ్యూలకి మురిసిపోకు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, వ్యూ కింద లెక్క.

---

పొందూరు_మనవడు | శనివారం, రాత్రి 9:05

చాలా థ్యాంక్స్ అన్నయ్యా. చివరిదాకా వెనకాల ఒక పాత జానపద గీతం వేద్దామనుకున్నాను. జానపదం ఎవరి సొత్తూ కాదు కదా?

---

ఆమదాలవలస_అచ్చు | శనివారం, రాత్రి 9:30

పాట ఎవరి సొత్తూ కాకపోవచ్చు. ఆ రికార్డు ఒకరిది. మన చట్టంలో రచయిత హక్కు ఆయన పోయాక 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ గారు 1915లో పోయారు కాబట్టి ఆయన గీతాలు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ నిరుడు ఎవరో పాడి రికార్డు చేసిన గురజాడ గీతాన్ని మీరు ఎత్తి పెట్టుకోలేరు. రికార్డుకి, అది విడుదలైనప్పటి నుంచి విడిగా 60 ఏళ్ల హక్కు. యూట్యూబులో కంటెంట్ ఐడీ అని ఉంది, రికార్డుని పోల్చి పట్టేస్తుంది. అలా వచ్చేది క్లెయిమ్: మామూలుగా వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు వాళ్లకి పోతుంది. స్ట్రైక్ వేరు, హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానెల్ మీద వేసే శిక్ష అది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది.

మామ్మగారికి వడికేటప్పుడు పాడే పాట ఏదైనా వచ్చా?

---

నాగావళి_నాదం | శనివారం, రాత్రి 9:34

నేనూ అదే అడగబోతున్నాను. వస్తే రాట్నం ఆపి ఒకసారి, తిప్పుతూ ఒకసారి పాడించండి. నేపథ్య సంగీతం వెతుక్కునే పని ఉండదు.

---

పొందూరు_మనవడు | ఆదివారం, రాత్రి 8:55

ఇప్పుడే ఇంటికొచ్చాను. అంతా 25, 1/50. కార్డు రెండుసార్లు మార్చాను, మామ్మ టీ తాగే వేళలో. ఫ్యాను ఆపాం. రూమ్ టోన్ తీసేటప్పుడు ఇంట్లో అందరినీ కదలొద్దన్నాను, సరిగ్గా నలభై సెకన్లకి గూడ్సు బండి వెళ్లింది. రెండోసారి తీశాను.

చక్రం ఆకులు లెక్కపెట్టాను మాస్టారూ. ఇరవై నాలుగే. అరుగు మీద 120లో తీశాను. మామ్మకి ఫోన్లో చూపిస్తే చక్రం చూడలేదు. పోగు తెగబోయి ఆగిన చోట వేలు పెట్టి ‘ఇక్కడ నా చెయ్యి వణికింది, అయినా తెగలేదు’ అంది. నెమ్మదిగా తీయకపోతే నాకు అది ఎప్పటికీ కనపడేది కాదు.

పాట ఉంది. తిప్పుతూ పాడింది, ఆపి మళ్లీ పాడమంటే రాలేదు. చెయ్యి తిరిగితేనే పదాలు వస్తాయట. మూడు చరణాలు. అందులో ఐదారు మాటలు నాకు అర్థం కాలేదు, రేపు అడిగి రాసుకుంటాను. అచ్చు గారూ, ఎస్ఆర్‌టీ నేనే టైపు చేసి పంపితే ఒకసారి చూసిపెడతారా?

---

ఆమదాలవలస_అచ్చు | ఆదివారం, రాత్రి 9:10

పంపండి. అర్థం కాని మాటలు ఊహించి రాయకండి. మామ్మగారు ఎలా పలికారో అలాగే రాసి, పక్కన ఆ చోటు నిమిషం, సెకను వేయండి. విని సరిచూస్తాను.